మా పనివేళలు మాతో కూర్చుని రాయండి: గుర్రపుస్వారీ క్లబ్బుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ చుట్టుపక్కల గుర్రపుస్వారీ క్లబ్బులు నడుపుతున్న పెద్దలకు,

నమస్కారం.

నేను పద్నాలుగేళ్లుగా గుర్రపుస్వారీ నేర్పుతున్నాను. మొయినాబాద్, శంషాబాద్ దారుల్లోని మూడు క్లబ్బుల్లో పనిచేశాను. అంతకు ముందు నా బాల్యమంతా మలక్‌పేటలో గడిచింది. మా నాన్న అక్కడ రేసుగుర్రాలకు సైసు, అంటే గుర్రాల ఆలనాపాలనా చూసే మనిషి. ముందు గుర్రానికి నీళ్లు, తర్వాత జీను తుడవడం, ఆ తర్వాతే మన టీ అని ఆయన నేర్పిన వరసను నేను ఇప్పటికీ తప్పలేదు. ఈ పని మీద నాకున్న ప్రేమను మీలో ఎవరూ శంకించరన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

గత మార్చిలో ఏడుగురు శిక్షకులం మా పనివేళల గురించి సంతకాలు పెట్టి రెండు పేజీల వినతిపత్రం ఇచ్చాం. జూన్‌లో మళ్లీ గుర్తుచేశాం. "సీజన్ అయిపోనివ్వండి, చూద్దాం" అన్నారు. వేసవి శిబిరాలు అయిపోయాయి, వానలు వెళ్లిపోయాయి, ఇప్పుడు చలికాలం రద్దీ మొదలైంది. మన పనిలో సీజన్ కాని నెల అంటూ లేదు. గదిలో చెప్పిన మాట గదిలోనే ఉండిపోయింది కాబట్టి నలుగురి ముందు చెప్పవలసి వస్తోంది. ఏ క్లబ్బు పేరూ రాయడం లేదు. కారణం, దాదాపు అన్ని చోట్లా పద్ధతి ఒకటే.

మన ఆఫీసు గదిలో గోడకు ఒక తెల్ల బోర్డు ఉంటుంది. ఎడమ పక్క సమయాలు, పైన శిక్షకుల పేర్లు, గళ్లలో గుర్రాల పేర్లు. ఉదయం 6.00, 6.45, 7.30, 8.15, 9.00. సాయంత్రం 4.30, 5.15, 6.00, 6.45. ఒక్కో క్లాసు 45 నిమిషాలు. తొమ్మిది క్లాసులకు కలిపి ఆరు గంటల నలభై అయిదు నిమిషాలు. జీతం లెక్క అక్కడితో ఆగిపోతుంది. "రోజుకు ఏడు గంటలు కూడా లేదు కదా, కష్టం ఎక్కడుంది?" అని అడిగినవారిని నేను తప్పుపట్టను. వారు చూసింది ఆ బోర్డునే.

బోర్డు మీద లేనిది నేను చెబుతాను. ఆరు గంటల క్లాసుకు నేను అయిదుంబావుకు స్టేబుల్లో ఉండాలి. ఏ గుర్రం రాత్రి దాణా మిగిల్చింది, ఏది కాలు ఆనించకుండా నిలబడింది, ఏ గిట్టకు లాడం వదులైంది అన్నవి చూడకుండా ఒక పిల్లవాడిని దాని మీద కూర్చోబెట్టలేను. ఉదయం క్లాసులు 9.45కు ముగుస్తాయి. తర్వాత గుర్రాలను చల్లారే దాకా నడిపించాలి, వీపులు చూడాలి. మధ్యాహ్నం లాడాలు కొట్టేవారు వస్తారు, పశువైద్యుడు వస్తాడు, కొత్తగా వచ్చిన గుర్రాన్ని మచ్చిక చేయాలి, జీనులు, కళ్లేలు తుడిచి నూనె పట్టించాలి. ఇంటికి వెళ్లి రావాలంటే రానూపోనూ మూడు గంటలు పడుతుంది కాబట్టి అందరం అక్కడే ఉండిపోతాం. పడుకోవడానికి ఎండుగడ్డి మోపులు తప్ప మరో చోటు లేదు. సాయంత్రం చివరి క్లాసు 7.30కు అయ్యి, చివరి గుర్రానికి మాలీసు చేయించి బయటపడేసరికి ఎనిమిదింబావు. పొద్దున అయిదుంబావు నుంచి రాత్రి ఎనిమిదింబావు వరకు, పదిహేను గంటలు. అందులో ఆరు ముప్పావుకే జీతం.

మన రాష్ట్రంలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పని, ఒక రోజు సెలవు అంటుంది. విరామాలతో కలిపి రోజు పని మొదలు నుంచి చివరి వరకు పన్నెండు గంటలకు మించి సాగకూడదనీ అంటుంది. మన క్లబ్బులు దాని కిందికి వస్తాయా రావా అని లాయర్లు వాదించుకోవచ్చు. మనిషి ఒంటికి ఎంత పని పట్టవచ్చో ఆ చట్టం రాసినవారు ఆలోచించారు. మీరూ ఆలోచించమని అడుగుతున్నాను.

బోర్డు మీద ఇంకొక లోపం ఉంది. నా దృష్టిలో అదే అసలు లోపం. ఒక క్లాసు 6.45కు అయిపోతుంది, తర్వాతిది 6.45కే మొదలవుతుంది. మధ్యలో ఒక్క నిమిషం లేదు. దిగిన పిల్లవాడిని తల్లిదండ్రులకు అప్పగించాలి, ఎక్కే పిల్లకు హెల్మెట్ సరిచూడాలి, రికాబులు ఆమె కాలి పొడవుకు తగ్గించాలి, కడుపు పట్టీ మళ్లీ బిగించాలి. ఇవన్నీ క్లాసులోంచే పోతాయి. పైగా ఒకే గుర్రం పేరు వరసగా మూడు గళ్లలో, నాలుగు గళ్లలో కనిపిస్తుంది. ఆఫీసులో ఫోను ఎత్తేవారికి సాధువైన గుర్రాలు రెండు మూడే తెలుసు. కొత్త పిల్లలందరికీ వాటినే రాస్తారు. ఎక్కువసార్లు రాసేది రాత్రి పది దాటాక. పొద్దున వచ్చి చూసుకునే దాకా మాకు తెలియదు.

గత ఆగస్టులో ఒక ఆదివారం ఏం జరిగిందో చెప్పాలి. చిత్ర అనే పదకొండేళ్ల ఆడగుర్రం ఉంది. రేసుల నుంచి దిగి వచ్చింది. పిల్లలు మెడ పట్టుకుని వేలాడినా కదలదు. ఆ ఉదయం అయిదు గళ్లలోనూ దాని పేరే ఉంది. మూడు క్లాసులు చేసింది. నాలుగో దానికి నేను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి అణిచి నా వైపు తల తిప్పింది. ఆ గుర్రం అలా చేయడం నేను అంతకు ముందు చూడలేదు. ముందుకాలి వెనక పట్టీ కింద వేళ్లు పెట్టి చూశాను. వెంట్రుక తడిసి అతుక్కుపోయి ఉంది, దాని కింద రూపాయి బిళ్ల అంత మేర చర్మం లేచిపోయింది. జీను దింపేశాను. కానీ అప్పటికే తొమ్మిదేళ్ల పాప హెల్మెట్ పెట్టుకుని కంచె దగ్గర నిలబడి ఉంది. వాళ్లు కూకట్‌పల్లి నుంచి వచ్చారు, డబ్బు కట్టేశారు, ఇంకో గుర్రం ఇవ్వమని ఆఫీసు నుంచి కబురు. ఖాళీగా ఉన్నది ఒక్కటే. నాలుగు రోజులుగా దాని పేరు బోర్డు ఎక్కలేదు, ఎవరూ బయటికి తీయలేదు. ముందు పావుగంట తాడు కట్టి వలయంలో తిప్పి, దాని ఉడుకు తగ్గాక పాపను ఎక్కించాలి. పావుగంట నా దగ్గర లేదు. ట్రాట్ (నడక కంటే వేగమైన దుడుకు అడుగు) మొదలుపెట్టిన రెండో చుట్టులో అది పక్కకు ఎగిరింది. పాప ఇసుకలో పడింది. మణికట్టు విరిగింది.

ఆ పాపను ఎక్కించింది నేనే. ఆ బాధ్యత నాది. కుదరదని ఆ రోజు గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ బాగా అలిసిన గుర్రాన్నీ, బొత్తిగా పనిలేని గుర్రాన్నీ ఒకే ఉదయం తయారుచేసింది ఆ బోర్డు. ఒకదానికి పుండు, ఒకదానికి తిక్క, మధ్యలో పిల్ల చెయ్యి.

ఈ పద్ధతి వల్ల ఎవరికి ఏమవుతోందో వరసగా రాస్తున్నాను.

1. పిల్లలు. గుర్రం సుమారు 450 నుంచి 500 కిలోల ప్రాణి. దాని మీద మొదటిసారి కూర్చున్న పిల్లవాడి చేతులు, మడమలు, చూపు అన్నీ ఒకేసారి గమనించాలి. వారాంతాల్లో ఎనిమిది మంది కొత్తవాళ్లను ఒకే శిక్షకుడికి అప్పగిస్తున్నారు. తొమ్మిదో క్లాసుకు వచ్చేసరికి నా కన్ను ఆలస్యంగా చూస్తోంది. నేను "మడమ కిందికి" అనేలోగా పాదం రికాబులోంచి జారిపోయి ఉంటోంది.

2. గుర్రాలు. గుర్రం కడుపు చిన్నది, వాంతి చేసుకోలేదు. అందుకే దాణా కొద్దికొద్దిగా, వేళకు పెట్టాలి. తిన్నాక కనీసం గంట ఆగి పనిలోకి తీయాలి. చెమటతో రొప్పుతున్నప్పుడు దాణా పెట్టకూడదు. వరస క్లాసుల్లో ఈ నియమాలు ఏవీ నిలవవు. కోలిక్ అని మనం పిలిచే కడుపుశూల వస్తే రాత్రంతా నడిపిస్తూ వైద్యుడి కోసం ఎదురుచూసిన అనుభవం మీ అందరికీ ఉంది. బరువు సంగతి చూడండి. ఎక్కే మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదన్నది అందరూ పాటించే కొలత. బుకింగ్ చేసేటప్పుడు బరువు ఎవరూ అడగడం లేదు. మితిమీరి స్వారీ చేయించడం, మితిమీరిన బరువు మోపడం, పుండ్లతో ఉన్న పశువు చేత పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలు. బండి లాగే, బరువు మోసే గుర్రాలకైతే 1965లోనే కేంద్రం నియమాలు చేసింది. రోజులో మొత్తం తొమ్మిది గంటలు మించకూడదు, విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు మించిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు. అరవై ఏళ్ల కిందట జట్కా గుర్రానికి ఇచ్చిన ఆ మాత్రం రక్షణ, పిల్లలకు స్వారీ నేర్పే గుర్రానికి మన పట్టికలో ఎందుకు ఉండకూడదు?

3. సైసులు. వీరి గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడాలి. ఆరు గంటల క్లాసుకు గుర్రం సిద్ధం కావాలంటే నాలుగున్నరకు దాణా పడాలి, అంటే సైసు నాలుగుకే లేవాలి. రాత్రి గుర్రాలు చల్లారి, రెండో దాణా పెట్టేసరికి తొమ్మిది. ఒక్కొక్కరి చేతి కింద అయిదేసి గుర్రాలు. స్టేబుల్ పక్కనే రేకుల గది. పక్కనే ఉన్నారు కాబట్టి సెలవు అవసరం లేదన్నట్టు నడుస్తోంది. మా నాన్న అదే జీవితం గడిపారు. పండక్కి ఇంట్లో ఆయన కూర్చుని భోంచేసిన రోజులు నాకు వేళ్ల మీద లెక్క.

4. తల్లిదండ్రులు 45 నిమిషాలకు డబ్బు కడుతున్నారు. పిల్లవాడు గుర్రం మీద కదిలేది ముప్పై, ముప్పై రెండు నిమిషాలు.

5. శిక్షకులు. గత రెండేళ్లలో నాతో పనిచేసిన నలుగురు మానేశారు. వాళ్లలో ఇద్దరు నాకంటే బాగా నేర్పేవారు. ఒకరు ఇప్పుడు క్యాబ్ నడుపుతున్నారు. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ (గుర్రం చేత నిర్ణీత అడుగులు, కదలికలు చేయించే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత గుర్రపుస్వారీలో మనకు అదే మొదటి స్వర్ణం, నలభై ఒక్క ఏళ్ల నిరీక్షణ. ఆ వారం మన ఆఫీసుల్లో ఫోన్లు ఆగకుండా మోగడం నాకు గుర్తుంది. ఇంత కోరిక పిల్లల్లో ఉన్నప్పుడు నేర్పేవాళ్లే వెళ్లిపోతే ఆ పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకుంటారు? మా అమ్మాయి ఏడో తరగతి. స్కూలుకు వెళ్లేటప్పుడు నేను ఇంట్లో ఉండను, నేను వచ్చేసరికి నిద్రపోతుంది. నేను ఊరందరి పిల్లలకు స్వారీ నేర్పాను. మా అమ్మాయికి ఇంకా నేర్పలేదు.

ఇక మేం కోరేవి ఇవి.

1. బోర్డు రాత్రి 7 గంటలకు మూయాలి. ఆ తర్వాత వచ్చిన బుకింగ్ మరుసటి రోజుకు కాకుండా ఆ పై రోజుకు వెళ్లాలి. గుర్రాల పేర్లు రాసే పని శిక్షకుడిది, సైసును అడిగి రాస్తాడు. ఆఫీసు పిల్లల పేర్లు మాత్రమే రాయాలి. ఈ ఒక్కటి ఒప్పుకుంటే సగం సమస్య తీరినట్టే.

2. 45 నిమిషాల క్లాసుకు బోర్డు మీద గంట గడి ఇవ్వాలి. ఉదయం 6, 7, 8, 9. సాయంత్రం 4.30, 5.30, 6.30. మొత్తం తొమ్మిది బదులు ఏడు క్లాసులు. ఒక్కో శిక్షకుడి లెక్కన క్లబ్బుకు రోజుకు రెండు క్లాసుల ఆదాయం తగ్గుతుందని మీరు అంటారు. నిజమే, తగ్గుతుంది, ఆ సంగతి దాచి అడగడం లేదు. కానీ చిత్ర పుండు మానేదాకా మూడు వారాలు నిలబడిపోయింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంటారు. పుండుతో నిలబడ్డ గుర్రానికీ రోజుకు ఎనిమిది పది కిలోల గడ్డి తప్పలేదు, మందులు తప్పలేదు, వైద్యుడి ఫీజు తప్పలేదు. ఆ మూడు వారాల ఖర్చు, పోయిన క్లాసులు కాగితం మీద వేసి చూడండి. ఫీజు కొంచెం పెంచవలసి వస్తే తల్లిదండ్రులతో మాట్లాడటానికి మేమూ పక్కన నిలబడతాం.

3. శిక్షకులకు రెండు జట్లు. ఒక వారం ఉదయం జట్టు, మరుసటి వారం సాయంత్రం జట్టు. అది కుదరని చిన్న క్లబ్బుల్లో మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు పన్నెండు గంటలు దాటకూడదు. క్లాసు లేకున్నా చేసే పని, అంటే గుర్రాలను మచ్చిక చేయడం, జీనుల సంరక్షణ, వైద్యుడితో ఉండటం పని గంటల్లో లెక్కించాలి. మధ్యాహ్నం నడుం వాల్చడానికి ఒక గది, ఒక ఫ్యాను.

4. ప్రతి గుర్రానికి ఒక పుస్తకం. ఉదయం రెండు క్లాసులు, రోజు మొత్తానికి మూడు, అంతకు మించకూడదు. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి. లాడాలు మార్చిన తేదీ, ఎంత బరువు మోయగలదు, వీపు మీద గాయాలు అందులో ఉండాలి. బోర్డు ఎక్కని గుర్రాన్ని ఆ రోజు శిక్షకుడు అరగంట తీయాలి. ఆ అరగంటకు జీతం ఉండాలి. ఆగస్టులో ఈ అరగంట ఉండి ఉంటే ఆ పాప పడేది కాదని నా నమ్మకం.

5. బుకింగ్ సమయంలోనే వయసు, బరువు, ఇంతకు ముందు ఎన్ని క్లాసులు చేశారన్నది అడగాలి. మొదటి పది క్లాసులు ఒక్కొక్కరికీ తాడు మీదే, అంటే గుర్రానికి కట్టిన తాడు శిక్షకుడి చేతిలో ఉండగానే. ఆ తర్వాత కూడా కొత్తవారు ఒక శిక్షకుడికి నలుగురు మించకూడదు.

6. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 8.30 తర్వాత, సాయంత్రం 5.30కు ముందు గుర్రం మైదానంలో ఉండకూడదు. వేసవి శిబిరాల్లో ఎండ ముదిరాక పిల్లలకు నీడలో గుర్రం సంరక్షణ నేర్పుదాం. గిట్ట ఎత్తి శుభ్రం చేయడం, కళ్లెం విప్పి మళ్లీ కూర్చడం, దాణా కొలవడం. వానకు మైదానం నీరు నిలిచి క్లాసు రద్దయిన రోజుల్లో కూడా ఇదే పాఠం చెప్పవచ్చు, దానికి సగం జీతమైనా ఇవ్వాలి. ఇప్పుడు వాన పడితే మా జేబే తడుస్తోంది.

7. సోమవారం క్లబ్బుకు సెలవు అని గేటు మీద రాసి ఉంది. కార్పొరేట్ బృందాలు వస్తున్నాయని, ఫొటోషూట్ అని ఆ రోజు పిలవకండి. సోమవారం కూడా గుర్రాలకు దాణా పెట్టక తప్పదు కాబట్టి సైసులకు వంతుల వారీగా వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. వంతుల పట్టిక రాసే పని మాకు అప్పగించండి, రాసి ఇస్తాం.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్లవాడు ఎక్కబోయే గుర్రం ఈ రోజు ఇంతకు ముందు ఎన్ని క్లాసులు చేసిందని అడగండి. సమాధానం మూడు అయితే ఎక్కించకండి. మీరు అడగడం మొదలుపెడితే బోర్డు దానంతటదే మారుతుంది. శిక్షకుడు "ఈ రోజు కుదరదు" అంటే కోప్పడకండి. ఆ మాట అనడానికి అతను చాలా ధైర్యం కూడగట్టుకుని ఉంటాడు.

యాజమాన్యాలను మేం అడిగేది ఒక నెల ప్రయోగం. ఏదైనా ఒక క్లబ్బు ముందుకు వచ్చి, పై పట్టికను ముప్పై రోజులు నడిపి చూడనివ్వండి. ఎన్ని క్లాసులు జరిగాయి, ఎన్ని గుర్రాలు నిలబడిపోయాయి, ఎంత మంది పిల్లలు పడ్డారు, ఎంత ఆదాయం వచ్చింది అన్నవి రోజూ రాసి మీ ముందు పెడతాం. ఈ నెలాఖరులోగా మమ్మల్ని ఒక సోమవారం పిలవండి. ఆ బోర్డు ముందే కూర్చుందాం. పాత రాతలు తుడవడానికి గుడ్డ నేనే తెస్తాను.

చిత్ర మళ్లీ పనిలోకి వచ్చింది. పట్టీ బిగించేటప్పుడు ఇప్పటికీ చెవులు వెనక్కి పెడుతోంది.

ఇట్లు,
ఒక గుర్రపుస్వారీ శిక్షకుడు,
వినతిపత్రంపై సంతకం చేసిన ఏడుగురి తరఫున